ఇంట్లో నెగటివ్‌లు స్కాన్ చేయడానికి ఏది మంచిది: ఫ్లాట్‌బెడ్ స్కానరా, కెమెరానా, ఫోనా, స్టూడియోనా?

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లింట్లో బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లన్నీ నానిపోయాయి. ఫొటోలు ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయాయి. లాగితే మొహాలు ఊడి వచ్చాయి. అటక మీద బిస్కెట్ డబ్బాలో నెగటివ్‌లు మాత్రం పొడిగా ఉన్నాయి. "ఇవెందుకురా, పోయినేడే పారేద్దామనుకున్నా" అంది పెద్దమ్మ. ఆ డబ్బా అలాగే సత్యనారాయణపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

లెక్క పెడితే 35 మి.మీ. కలర్ రీళ్లు 31, ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన 120 సైజు బ్లాక్ అండ్ వైట్ రీళ్లు 9, 110 రీళ్లు రెండు ఉన్నాయి. మొత్తం పన్నెండు వందల ఫొటోల పైమాట. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే దారి వెతుకుతూ ఏడాది పాటు కొన్ని కొన్నాను, కొన్ని అరువు తెచ్చాను, కొన్ని రీళ్లు స్టూడియోకి ఇచ్చి చూశాను. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉండి, ఏం కొనాలో తేలక ఆగిపోయి ఉంటే ఇది మీకోసమే.

ముందు డబ్బా తెరవండి, షాపుకి తర్వాత వెళ్లొచ్చు

అందరూ మొదట "ఏ స్కానర్ బాగుంటుంది" అని అడుగుతారు. దానికంటే ముందు మీ దగ్గర ఉన్న ఫిల్మ్ ఏమిటో చూడాలి. రెండు అంచుల్లోనూ వరసగా చిల్లులు ఉంటే 35 మి.మీ. ఒక్కో ఫొటో పడే చోటు, అంటే ఫ్రేమ్, 24×36 మి.మీ. ఉంటుంది. చిల్లులు లేకుండా మూడు వేళ్ల వెడల్పున, బటర్ పేపర్ కవర్లో ఉంటే 120. క్లిక్ 3తో తీసినవైతే 6×6 సెం.మీ. చదరాలు, రీలుకి 12. చిటికెన వేలంత సన్నగా ఉంటే 110. దాని ఫ్రేమ్ 13×17 మి.మీ. మాత్రమే. కొనే నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే కొన్ని మెషిన్లు 120 ఫిల్మ్‌ని అసలు తీసుకోవు.

రెండోది సంఖ్య. రెండు మూడు రీళ్లకి స్కానర్ కొనడం దండగ. ముప్పై రీళ్లయితే మాత్రం స్టూడియో బిల్లు స్కానర్ ధరని అందుకునే అవకాశం ఉంది. ఆ లెక్క మీ ఊరి రేటుతో వేసుకోండి.

మూడోది, ఆ ఫొటోలతో ఏం చేస్తారు. ఫోన్లో చూసుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికా, పోస్ట్‌కార్డ్ సైజు ప్రింటుకా, తాతగారి ఫొటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించడానికా? ఒక్కోదానికి కావలసిన వివరం వేరు.

నాలుగోది, కలరా, బ్లాక్ అండ్ వైటా. ఇది చాలామంది పట్టించుకోరు. కానీ దుమ్ము, గీతలు ఆటోమేటిక్‌గా తీసేసే పద్ధతి కలర్ నెగటివ్ మీదే పనిచేస్తుంది. స్కానర్ ఫిల్మ్‌లోంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపిస్తుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగుల్లోంచి అది దాటిపోతుంది, దుమ్ము దగ్గర ఆగిపోతుంది. అలా మచ్చ ఎక్కడుందో మెషిన్‌కి తెలుస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండితో తయారవుతుంది. వెండి కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది కాబట్టి, మెషిన్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. మా తాతయ్య కనుబొమలు మొదటి స్కాన్‌లో మాయమైంది అందుకే.

ఐదోది మీ ఓపిక, మీ టైము. దీని గురించి కిందంతా చెబుతాను, ఎందుకంటే డబ్బుకంటే ఇదే ఎక్కువ ఖర్చవుతుంది.

పెట్టె మీది డీపీఐ అంకెని నమ్మి కొనకండి

ఎప్సన్ పర్ఫెక్షన్ వీ600 అనేది ఫ్లాట్‌బెడ్, అంటే గాజు పలక మీద పరిచి మూత వేసే స్కానర్. దాని పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని ఉంటుంది. సెన్సర్ అన్ని చుక్కలు తీసుకునే మాట నిజమే, కానీ లెన్స్ అంత సన్నటి వివరం పట్టలేదు. టెస్ట్ చార్టులు పెట్టి కొలిచినవాళ్లకి ఇందులో వచ్చేది దాదాపు 1500–1600 డీపీఐ. దీనికి పెద్దన్న లాంటి వీ850 ప్రోలో 2300 దగ్గర. 35 మి.మీ. నెగటివ్‌లు మాత్రమే చేసే ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8200ఐ మీద 7200 అని రాసి ఉన్నా నిజంగా వచ్చేది 3200 ప్రాంతం.

దీన్ని ప్రింటు భాషలో చెప్పుకుంటే తేలిక. 35 మి.మీ. ఫ్రేమ్‌ని 1600 దగ్గర స్కాన్ చేస్తే సుమారు 3.4 మెగాపిక్సెల్స్. అంటే 5×7 అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. అదే స్కానర్‌లో 120 ఫ్రేమ్ పెడితే 12 మెగాపిక్సెల్స్ దాటుతుంది, 11 అంగుళాల చదరం ప్రింటు వేయించుకోవచ్చు. ఒకే మెషిన్, ఒకే లెన్స్. తేడా అంతా ఫిల్మ్ సైజులో ఉంది. 110 ఫ్రేమ్ అయితే ఒక మెగాపిక్సెల్ కూడా రాదు, పోస్ట్‌కార్డ్ సైజుకే చాలదు.

అందుకే వీ600లో 6400 పెట్టి స్కాన్ చేయడం వృథా. ఒక్క ఫ్రేమ్ 48 బిట్ (రంగుల వివరం ఎక్కువగా దాచే) టిఫ్ ఫైలు 330 ఎంబీ దాకా పెరుగుతుంది, వివరం మాత్రం పెరగదు. నేను 2400 పెడతాను. 24 బిట్ అయితే ఫ్రేముకి 23 ఎంబీ, 48 బిట్ అయితే 46.

| దారి | 35 మి.మీ. నుంచి వచ్చే ప్రింటు | 120 చేస్తుందా | ఇన్‌ఫ్రారెడ్ | 36 ఫొటోల రీలుకి నాకు పట్టిన టైము |
|---|---|---|---|---|
| వీ600 ఫ్లాట్‌బెడ్ | 5×7 | చేస్తుంది | ఉంది | గంటన్నర పైన |
| వీ850 ఫ్లాట్‌బెడ్ | 8×10 | చేస్తుంది | ఉంది | గంటన్నర, మధ్యలో లేవడం తక్కువ |
| ప్లస్‌టెక్ 8200ఐ | 10×15 | చేయదు | ఉంది | రెండు గంటలు, పక్కనే కూర్చోవాలి |
| 24 మెగాపిక్సెల్ కెమెరా, మ్యాక్రో లెన్స్ | 12×18 | చేస్తుంది | లేదు | సెటప్ అయ్యాక పావుగంట |
| ఫోన్, లైటు | ఫోన్లో చూడటానికి, చిన్న ప్రింటుకి | చేస్తుంది | లేదు | అరగంట లోపు |
| స్టూడియో | వాళ్ల మెషిన్‌ని బట్టి | అడగాలి | అడగాలి | ఇచ్చి రావడమే |

ఫ్లాట్‌బెడ్: కలగాపులగం డబ్బాకి సరిపోయేది

ఇంట్లో ఉన్న జెరాక్స్ తీసే ప్రింటర్ స్కానర్‌తో అవుతుందా అని మా తమ్ముడు అడిగాడు. కాదు. కాగితాన్ని స్కాన్ చేసేటప్పుడు వెలుగు కింద నుంచి వెళ్లి తిరిగొస్తుంది. నెగటివ్‌కి వెలుగు వెనక నుంచి రావాలి. మూతలో కూడా లైటు ఉన్న స్కానరే కావాలి. ఎప్సన్‌లోనే వీ39 లాంటి సన్నటి మోడళ్లలో ఆ లైటు లేదు. ఆన్‌లైన్లో ధర చూసి అది కొనేస్తే నెగటివ్‌లకి పనికిరాదు.

వీ600 హోల్డర్‌లో ఆరేసి ఫ్రేములున్న ముక్కలు రెండు పడతాయి, అంటే ఒకేసారి 12 ఫొటోలు. వీ850లో మూడు ముక్కలు, 18 ఫొటోలు. ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ పెట్టకపోతే చకచకా అవుతుంది. పెడితే నా కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేముకి మూడు నిమిషాల దాకా తీసుకుంటుంది. కానీ ఆ టైములో పక్కన కూర్చోనక్కర్లేదు. నేను పొద్దున్నే ఒక హోల్డర్ పెట్టి స్నానానికి వెళ్తాను, వచ్చాక రెండోది పెట్టి టిఫిన్ చేస్తాను, ఆఫీసుకి బయల్దేరేలోపు ఒక రీలు సగం పైన అయిపోతుంది. అలా నాలుగు నెలల్లో 31 రీళ్లూ పూర్తయ్యాయి. ఉద్యోగం చేసుకునేవాళ్లకి ఫ్లాట్‌బెడ్‌లో ఉన్న అసలు సుఖం ఇదే.

దానిలో ఉన్న కష్టాలు కూడా చెప్పాలి. మూత లోపల తెల్లటి మ్యాట్ ఒకటి ఉంటుంది, కాగితాలు స్కాన్ చేయడానికి. అది తీయకపోతే పైలైటు మూసుకుపోయి ఏమీ రాదు. మొదటి రోజు ఇది తెలియక మెషిన్ పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. ఇంకోటి మరీ ఇబ్బంది పెట్టింది. మూడు రోజుల పాటు ప్రతి ఫొటోలోనూ ఒకే చోట సన్నటి గీత పడింది. నెగటివ్ మార్చినా గీత అక్కడే. చివరికి హోల్డర్ పైభాగంలో ఖాళీగా ఉన్న కిటికీ లాంటి చోట, స్కానర్ తన లైటుని సరిచూసుకునే స్థలంలో, ఒక వెంట్రుక కనిపించింది. అది తీయగానే గీత పోయింది. ఆ మూడు రోజుల స్కాన్‌లన్నీ మళ్లీ చేశాను. ఇప్పుడు హోల్డర్ పెట్టే ముందు ఆ చోటు మీద రబ్బరు బ్లోయర్ ఊదకుండా మూత వేయను.

వంకర తిరిగిన ఫిల్మ్ ఇంకో సమస్య. ఫ్లాట్‌బెడ్ ఫోకస్ మార్చుకోలేదు. ముక్క మధ్యలో ఉబ్బితే అక్కడ మసక వస్తుంది. బటర్ పేపర్‌లో పెట్టి వారం రోజులు లావు పుస్తకాల కింద ఉంచితే చాలావరకు సాపు అవుతుంది. నేరుగా గాజు మీద పెట్టి అదమడం వద్దు, నూనె చుక్క పడినట్టు రంగురంగుల వలయాలు వస్తాయి. వీ850 హోల్డర్‌లో ఎత్తు మార్చుకునే వీలు, ఆ వలయాలు రాని ప్రత్యేకమైన పలక ఉంటాయి. దాని ధర మాత్రం వీ600కి కొన్ని రెట్లు. స్నేహితుడి స్టూడియోలో రెండు రోజులు వాడాను. 35 మి.మీ.లో తేడా కంటికి తెలుస్తుంది, 120లో అంత తెలియలేదు. ఇంటి ఆల్బమ్ కోసం అంత పెట్టమని నేను చెప్పను. పెళ్లి ఫొటోల పాత నెగటివ్‌లు వేలల్లో ఉన్న స్టూడియో వాళ్లకైతే గిట్టుబాటవుతుంది.

35 మి.మీ. మాత్రమే ఉంటే ప్లస్‌టెక్

చిన్న పెట్టె, బల్ల మీద ఎక్కువ చోటు తినదు. ఒక ఫ్రేమ్ స్కాన్ చేశాక హోల్డర్‌ని చేత్తో ముందుకి నెట్టాలి. పొదుపుగా యాభై అరవై ముఖ్యమైన ఫొటోలు ఎంచుకుని బాగా తీయాలనుకునేవాళ్లకి నచ్చుతుంది. మొత్తం డబ్బా చేయాలంటే చేయి నొప్పి పుడుతుంది. 8100 మోడల్‌లో ఇన్‌ఫ్రారెడ్ లేదు, కొనేటప్పుడు ఆ తేడా చూసుకోండి.

తెరతో వచ్చే చిన్న డిజిటైజర్లు కూడా ఉన్నాయి, కంప్యూటర్ అక్కర్లేదు, క్షణంలో ఒక ఫొటో. లోపల ఉండేది స్కానర్ కాదు, చిన్న కెమెరా. జేపెగ్ మాత్రమే ఇస్తాయి, దుమ్ము తీయవు, ఎక్కువ వెలుగులో ఆకాశం తెల్లగా మాడిపోతుంది. వాటి మీద 22 మెగాపిక్సెల్ అని ఉంటే అందులో కొంత భాగం పెంచి చూపిన అంకె. నేను కొనలేదు, కొనమని చెప్పను.

మీ దగ్గర మంచి కెమెరా ఉంటే ఆగి ఆలోచించండి

డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఉండి, చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి తీసే మ్యాక్రో లెన్స్ అరువైనా దొరికితే, 35 మి.మీ.లో ఫ్లాట్‌బెడ్ కంటే ఇదే మెరుగు. నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, వీ600 స్కానూ కెమెరా స్కానూ పక్కపక్కన పెడితే చీర అంచు జరీలో తేడా తెలిసిపోతుంది. కింద రంగులు సరిగ్గా చూపే ఎల్ఈడీ ప్యానెల్ పెట్టాలి. 95 పైన సీఆర్ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపుతుందో చెప్పే అంకె) ఉన్నది తీసుకోండి. ఫిల్మ్‌ని చదునుగా పట్టే హోల్డర్, కదలని స్టాండు కావాలి. ఐఎస్ఓ 100, ఎఫ్8, రెండు సెకన్ల టైమర్, రా ఫైలు. ఫిల్మ్‌లో మెరుపు లేని ముఖం కెమెరా వైపు ఉంచి, తర్వాత బొమ్మని అద్దంలోలా తిప్పేయాలి.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. కలర్ నెగటివ్ అంతటా నారింజ రంగు ఛాయ ఉంటుంది. దాన్ని తీసేసి రంగులు తిరగేయడం మామూలు ఇన్వర్ట్ బటన్‌తో కాదు, మొహాలు నీలంగా వస్తాయి. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అని దీనికోసమే ఒక భాగం ఉంది, నేర్చుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. లైట్‌రూమ్ ఉన్నవాళ్లు నెగటివ్ ల్యాబ్ ప్రో కొనుక్కుంటారు. పైగా ఇన్‌ఫ్రారెడ్ లేదు కాబట్టి మచ్చలన్నీ చేత్తో తుడవాలి. ఫొటో తీయడం పావుగంట, మచ్చలు తీయడం ఒక సాయంత్రం. బ్లాక్ అండ్ వైట్‌కి ఎలాగూ ఇన్‌ఫ్రారెడ్ పనిచేయదు కాబట్టి అక్కడ కెమెరాకి ఈ లోటు లేదు. డబ్బా నిండా బ్లాక్ అండ్ వైటే ఉంటే కెమెరా వైపే మొగ్గుతాను.

ఫోన్‌తో అయిపోయే పని ఫోన్‌తోనే చేయండి

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని దగ్గర రెండే రీళ్లున్నాయి. ఆవిడకి కావలసింది ఏ ఫొటో ఎవరిదో తెలియడం, పిల్లలకి వాట్సాప్‌లో పంపడం. ట్యాబ్‌లో తెల్ల తెర పెట్టి, దాని మీద నేమ్‌బోర్డులు చేసే షాపులో తెచ్చిన పాల రంగు అక్రిలిక్ ముక్కని రెండంగుళాల ఎత్తున నిలబెట్టి, పైన నెగటివ్ పెట్టి ఫోన్‌తో తీశాం. ట్యాబ్ మీద నేరుగా పెడితే తెర చుక్కలు ఫొటోలో పడతాయి, అందుకే ఆ ఎత్తు. గదిలో లైట్లు ఆర్పేయాలి. నెగటివ్‌ని పాజిటివ్ చేసే యాప్‌లు ఉన్నాయి. ఒక్క మధ్యాహ్నంలో రెండు రీళ్లూ అయిపోయాయి. ఆ రెండు రీళ్లలో ఒకే ఒక ఫొటో, వాళ్ల పెళ్లిది, నేను ఇంటికి తెచ్చి ఫ్లాట్‌బెడ్‌లో చేశాను.

పెద్ద డబ్బా ఉన్నవాళ్లకి కూడా మొదటి మెట్టుగా ఫోనే వాడమంటాను. పన్నెండు వందల్లో మూడు వందలు మసకవో, ఒకే ఫొటో రెండుసార్లు తీసినవో ఉంటాయి. ముందే తెలిస్తే ఆ టైము మిగులుతుంది.

స్టూడియోకి ఇవ్వాలనుకుంటే

బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ఒకప్పుడు రీలు కడిగి గంటలో ప్రింట్లిచ్చిన కలర్ ల్యాబులు ఎన్నో. ఇప్పుడు చాలాచోట్ల నెగటివ్ అనగానే, "ఇప్పుడెవరు తెస్తున్నారు సార్" అంటారు. నేను ఒకచోట రెండు రీళ్లు ఇచ్చాను. ఫైళ్లు వాట్సాప్‌లో పంపారు, నలిగి చిన్నవైపోయి వచ్చాయి. ఒక ముక్క మీద కొత్తగా పొడుగాటి గీత పడింది. ఇంకోచోట ఇచ్చిన రీలు శుభ్రంగా, రంగులు నేను చేసినదానికంటే చక్కగా వచ్చింది. అనుభవం ఉన్న చేతిలో కలర్ ల్యాబుల్లో వాడిన పాత మినీల్యాబ్ స్కానర్ ఉంటే చర్మం రంగు భలే వస్తుంది.

ఇచ్చే ముందు ఈ నాలుగూ అడగండి: స్కానర్ మీదా, ఫోన్ మీదా చేసేది? ఫైలు కొలత ఎన్ని పిక్సెల్స్? పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా? నెగటివ్ ముక్కల్ని మళ్లీ కత్తిరిస్తారా? మొదట ముఖ్యం కాని ఒక్క రీలు ఇచ్చి చూడండి. పెళ్లి రీలు మొదటే ఇవ్వకండి.

మన ఊరి దుమ్ము, మన ఊరి చెమ్మ

ఏ దారి ఎంచుకున్నా ఇది తప్పదు. ఫ్యాను కింద నెగటివ్ తీస్తే దుమ్ము వచ్చి దాని మీదే వాలుతుంది. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం విజయవాడలో నరకం కాబట్టి, నేను తెల్లారుజామున గది తడిగుడ్డతో తుడిచి, అరగంట ఆగి మొదలుపెడతాను. చేతులకి కాటన్ గ్లౌజులు, ఊదడానికి రబ్బరు బ్లోయర్. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

నదికి దగ్గర ఊళ్లో, అటక మీద ఏళ్ల తరబడి ఉన్న ఫిల్మ్‌కి బూజు మామూలే. సాలెగూడులా కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి. బూజు తిన్న పొర నీళ్లకి కరిగిపోయి బొమ్మ మొత్తం లేచిపోవచ్చు. ఉన్నదున్నట్టు ముందు స్కాన్ చేసేయండి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన గుప్పున కొడితే ఫిల్మ్ తనంతట తాను చెడిపోతోందని అర్థం. ఆ ముక్కలని వేరే కవర్లో పెట్టి, వాటితోనే మొదలుపెట్టండి.

ఎవరికి ఏది

రెండు మూడు రీళ్లే ఉంటే ఫోను, మరీ ముఖ్యమైన నాలుగైదు ఫొటోలకి స్టూడియో. కలర్ 35 మి.మీ., 120 రెండూ కలిసిన పెద్ద డబ్బా ఉండి, రోజుకి కాస్త కాస్త చేయగలిగితే వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్. అయిపోయాక సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు, లేదా నాలా బంధువుల ఇళ్లకి తిప్పవచ్చు. కెమెరా, లెన్స్ ఇప్పటికే ఉండి కంప్యూటర్ పని ఇష్టమైతే కెమెరా. 35 మి.మీ. మాత్రమే ఉండి గోడకి పెట్టే సైజు కావాలంటే, కెమెరా లేకపోతే ప్లస్‌టెక్. అమ్మానాన్నలకి కొనిచ్చి వాళ్లనే చేసుకోమనే ఆలోచన ఉంటే ఏదీ కొనకండి, డబ్బా మీరు తెచ్చుకోండి.

110 రీళ్లు రెండింటినీ నేను ఫ్లాట్‌బెడ్‌లో చేసి నిరాశపడి, మ్యాక్రో లెన్స్ అరువు తెచ్చి మళ్లీ చేశాను. నా దగ్గరున్నవాటిలో వాటికి పనికొచ్చింది అదొక్కటే.

ఫైలుకి పేరు పెట్టేటప్పుడు ఏడాది, చోటు, మనుషుల పేర్లు రాయండి. ఏడాది తెలియకపోతే బొమ్మలోనే వెతకండి. ఒక కలర్ ముక్కలో మా నాన్న, బాబాయి దుర్గా ఘాట్‌లో జనం మధ్య తడి తలలతో నిలబడి ఉన్నారు. బాబాయికి అప్పుడే మీసం వస్తోంది. పెద్దమ్మ చూసి, "ఇది పుష్కరాల్లోదే, వాడు ఇంటర్ తప్పిన ఏడు" అంది. కృష్ణా పుష్కరాలు వచ్చింది 1980లో, 1992లో, 2004లో. బాబాయి వయసు కట్టి 1992 అని రాశాను. ఇంకో ఫ్రేములో నాన్న సైకిల్ పట్టుకుని ఉన్నాడు. ఫోన్‌లో తీసినప్పుడు ఆయన వెనక బూడిద రంగు చార ఒకటి కనిపించింది. 120 నెగటివ్‌ని ఫ్లాట్‌బెడ్‌లో 2400 దగ్గర చేసి పెద్దది చేస్తే అవి రైలు పట్టాలు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో. నాన్నకి చూపిస్తే సైకిల్ సంగతి వదిలేసి, రైల్వే గేటు ఎక్కడుండేదో తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఆ ఫైలు పేరులో గేటు అని కూడా రాశాను.